చెప్పులిడిసిన వెంకట్రాజం

హన్మకొండల మోటరు బండ్ల కరెంటు పని జేసే వెంకట్రాజం కాళ్లకు చెప్పులుండయి. ఎండకాలం డాంబరు రోడ్డు పెనం లెక్క కాలుతాంటే కూడ ఉండయి. వానకాలం ఆయన షెడ్డు ముంగట ఒకటే బురద, ఆ బురదల పగిలిన బల్బుల పెంకులు, తుప్పువట్టిన మొలలు, ఊడిపడ్డ నట్లు. వాటి నడుమ కొంగ లెక్క కాలు ఎత్తెత్తి ఏస్కుంట తిరుగుతడు. చూసినోళ్లకు నవ్వు. పిసినారి అంటడొకడు. తిక్క అంటడు ఇంకొకడు. నవ్వుండ్రి, నవ్వనీకి మీకేం పోతది? ఆ కాళ్లు ఎందుకు ఖాళీగున్నయో ఇన్నంక కూడ నవ్వొస్తె అప్పుడు నవ్వుండ్రి, నేను చూస్త.

ముందుగాల ఒక్కమాట. వెంకట్రాజం ధైర్యం గల్ల మనిషి కాదు. ఉరిమితె బుగులు, కుక్క మొరిగితె బుగులు, పోలీసు జీపు రిపేరుకొస్తె ఇంకింత బుగులు. అన్నిట్ల కంటె నీళ్లంటె బుగులు. చిన్నప్పుడు ఊళ్లె మోటబాయిల కాలుజారి పడ్డడు. మునిగి తేలుతాంటె అక్క రాజక్క జుట్టు దొర్కవట్టి ఇవతలికి గుంజింది. తల్లి ఎన్నడో పోయింది, ఆయనకు ముద్దవెట్టి సాదింది కూడ ఆ అక్కనే. గప్పటి సంది ఆయన బాయిల తొంగి చూడడు, చెర్వు గట్టు మీద నిలవడడు. బక్కెట్ల తలకాయ ముంచమన్నా ముంచడు. తోటి మెకానిక్కులు "బుగుల్ల రాజం" అని పేరువెట్టిండ్రు. పిలిస్తె పలికేటోడు కూడ, పాపం.

ఆ బుగులు పనిల కూడ ఉండేది. తక్కినోళ్లు బండి చాలుగ ఉండంగనే వైర్లల్ల చెయ్యి వెడతరు. ఈయన ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, అది దేనికన్న తాకుతదేమో అని గుడ్డ చుట్టి, అప్పుడు బానెట్ల చెయ్యి వెడతడు. అంతా బిగించినంక కూడ "అయింది, తీస్కపో" అనడానికి నోరు రాదు. ఇంటికివోయి కంచం ముందట కూసుంటడు, ముద్ద నోట్లెకు పోదు.

"ఆ ఎర్తు బోల్టు బిగిచ్చిన్నా?" అనుకుంటడు పైకే.

"బిగిచ్చినవ్ తియ్యి, తిను" అనేది ఆయన భార్య చిలుకమ్మ. ఆమెకు ఎర్తు ఏందో, బోల్టు ఏందో తెల్వదు. రోజూ ఆయన గదే మాట అడుగుతడు, రోజూ ఆమె గదే జవాబు చెప్తది.

రాజక్క పెనిమిటి ఎల్లస్వామి కారు డ్రైవరు. ఎమర్జెన్సీ పోయి ఏడాదో, రెండేండ్లో అయిన కాలం అది. కిషన్ రావు అనే ఒక సారుది పాత అంబాసిడర్ ఉండె. మొదటొచ్చిన మోడలు, పొట్ట మీద మెరుపు పోయింది గాని గుండె గట్టిది. అడుగున రేకు తుప్పువట్టి వానొస్తె కాళ్ల కాడికి నీళ్లొచ్చేటియి. బ్రేకు పెడలు మీది రబ్బరు ఎన్నడో ఊడిపోయి, ఇనుము అరిగి అరిగి నున్నగ మెరిసేది. ఎల్లస్వామి దాన్ని కిరాయికి తిప్పేటోడు. ఆ ఏడు వానలు వడ్డ సంది పొద్దుగూకె యాళ్లకు కొత్త ట్రిప్పు మొదలువెట్టిండు. వరంగల్ మార్కెటుకు వచ్చినోళ్లను ఎక్కిచ్చుకొని, కాజీపేట మీదికెళ్లి ధర్మసాగర్, ఆడికెళ్లి ఇంకా లోపలి ఊరికి. ఆ లోపలి ఊరికి పోవాల్నంటె ఒక చెర్వు కట్ట మీదికెళ్లే పోవాలె. ఒక దిక్కు నీళ్లు, ఇంకో దిక్కు దిగుడు పొలాలు. నడుమ ఒక్క కారు వట్టే అంత తొవ్వ. ఆ కట్ట మీద మైసమ్మ ఉన్నది. పెద్ద గుడేం గాదు, పసుపు, కుంకుమ రాసిన రాయి, పైన ఒక చిన్న రేకు.

ఒకనాడు పొద్దున ఎల్లస్వామి కారు తెచ్చి షెడ్డు ముంగట ఆపిండు. మొఖంల నెత్తురు లేదు.

"రాజం, నిన్న కట్ట మీద లైట్లు పోయినయిరా."

వెంకట్రాజం చేతిల పానా పడిపోయింది. "ఒకటి పోయిందా బావా, రెండా?"

"రెండు. ఒక్కసారే. ఎవలో కండ్లు మూసినట్టయింది."

"మల్ల ఎట్లొచ్చినయి?"

"అమ్మ దయ. మెల్లెగ పోతాన్న గనుక ఆగింది. దిగుకుంటనే కండ్లు మూసుకొని మైసమ్మకు దండం వెట్టిన. కండ్లు తెరిచి చూద్దును గదా, ఎలుగుతాన్నయి."

రెండు బల్బులు ఒక్కసారే కాలిపోవు, కాలినయి మల్ల ఎలుగయి. అంటె రెండింటికి కలిసిన కాడనే ఏదో లూజున్నది. వెంకట్రాజం బ్యాటరీకి వైర్లు తగిలే మొగాలు గీకి బిగిచ్చిండు. ఎర్తు బోల్టు కింది రంగు, తుప్పు కాగితంతోని రుద్ది తీసిండు. లైట్ల ఎనుక అతుకులన్నీ ఇప్పి మల్ల అతికిండు. ఆనక కారును షెడ్డు లోపలికి నెట్టి, తలుపులు మూసి, లైట్లేసి చూసిండు. గోడ మీద రెండు గుండ్రాలు నిలవడ్డయి. మడ్‌గార్డు మీద గుద్దిండు. పక్క షెడ్డోళ్లిద్దరిని పిలిచి బంపరు మీద ఎగురుమన్నడు. కారు ఊయల లెక్క ఊగింది గాని లైటు కన్ను కూడ కొట్టలేదు.

ఇంకొకడైతె సంబురపడేటోడు. వెంకట్రాజం మాత్రం ఇంకింత బుగులువడ్డడు. కనవడ్డ తప్పునైతె పట్టుకోవచ్చు. షెడ్డుల మంచిగుండి కట్ట మీదనే పోయే తప్పును ఏడ వట్టాలె?

కారు తీస్కపోయిండు ఎల్లస్వామి. మూన్నాలుగు దినాలు మంచిగనే నడిచింది. ఆనక మల్ల వచ్చిండు. గదే కట్ట, గదే తావు. మల్ల దిగిండట, మొక్కిండట, లైట్లు వచ్చినయట.

ఈసారి వెంకట్రాజం పాత స్విచ్చి తీసి పారేసి కొత్తది పెట్టిండు. స్విచ్చి నుంచి లైట్ల దాక వైరే మార్చిండు. డిప్పరు కూడ ఇప్పిండు. గా కార్లకు డిప్పరు కింద ఉంటది, క్లచ్చి పెడలుకు ఎడమ దిక్కు, నేల మీద ఒక ఇనుప బొడిపె. ఎదురుంగ బండొస్తె ఎడమ కాలుతోని దాన్ని తొక్కాలె, టక్కుమంటది, వెలుతురు కిందికి దిగుతది. మల్ల తొక్కితె పైకి లేస్తది. ఆ బొడిపెను ఊడదీసి, లోపల తుడిచి, స్ప్రింగు చూసి మల్ల బిగిచ్చి, చేత్తోని వత్తి వత్తి చూసిండు. ఎన్నిసార్లు వత్తినా టక్కు, టక్కు. ఏం తక్కువ లేదు.

"ఇగ పోవు గదా?" అన్నడు ఎల్లస్వామి.

వెంకట్రాజం ఇంకోసారి డిప్పరు వత్తి చూసిండు. "పైలంగ పో బావా" అన్నడు, గంతే. ఆ రాత్రి అన్నం తినలేదు. చిలుకమ్మ "బిగిచ్చినవ్ తియ్యి" అంటె, మొదటిసారి ఆమె మీద గుర్రుమన్నడు. "నీకేం తెలుసు? అన్నీ బిగిచ్చిన. అయినా పోతానయి!"

మల్ల పోయినయి. చాయ్ హోటలుల ఈ ముచ్చటే. సారంగపాణి అని లారీ డ్రైవరొకడు, నోటికి తాళం లేని మనిషి, అందరి ముంగట, ఎల్లస్వామి కూడ ఉండంగ, అననే అన్నడు. "వైర్లు గుంజుకుంట కూసో రాజం. మైసమ్మ మనిషిని అడుగుతాంది. మూడుసార్లు లైటు తీసింది, మూడుసార్లు మల్ల ఇచ్చింది. ఇంకోసారి ఇయ్యదు."

అట్ల అనొచ్చునా ఒక మనిషి గురించి, ఆయన ఇనంగ? చాయ్ తాగెటోడికి చాయ్ తాగుడే పని, ఇనెటోని గుండెల ఏమైతదో వానికేం ఫికర్? ఎల్లస్వామి గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చిండు. షెడ్డుల స్టూలు మీద కూసొని రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు.

"నేనేం తక్కువ జేసిన్నరా అమ్మకు? ప్రతి అమాసకు కొబ్బరికాయ కొడుత. కట్ట ఎక్కంగనే చెప్పులిడుస్త. తోలు తొడుక్కొని ఆమె ముంగట్నించి పోతనా? ఇడిసి, పక్కకు జరిపి, స్టీరింగు మీదనే దండం వెడుత. ఇంకేం జెయ్యాలె?"

"కొన్నొద్దులు ఆ ట్రిప్పు ఆపుకో బావా."

"ఆపుతె భయపడి పారిపోయిండు అనుకోదా అమ్మ? అప్పుడు ఇంటి మీదికొస్తది. మీ అక్క మీదికొస్తది." అట్ల అని కండ్లు తుడుచుకున్నడు. పెద్ద మనిషి, మీసాలున్న మనిషి.

తెల్లారి రాజక్క వచ్చింది. హసన్‌పర్తి దిక్కు నాట్లకు పోయి అట్నుంచే వచ్చినట్టున్నది, చీర అంచుకు బురద ఆరలేదు. తమ్ముని షెడ్డుకు ఆమె ఎన్నడు రాదు. కూసోమంటె కూసోలేదు.

"తమ్మీ, నీకు దొర్కిందా లేదా?"

"దొర్కలేదక్కా."

"దొర్కదా?"

ఆయన మార్చి పక్కకు పెట్టిన పాత వైరు చుట్ట దిక్కు చూసిండు. వైరింగుల ఈ ఊళ్లె తనకు అందని తప్పు లేదని పేరు. బావ పానం కాడికి వచ్చెవరకు చేతులు ఖాళీ.

"సరే" అన్నది రాజక్క. "మంగళారం కోడిని మొక్కుకున్న. ఆయనతోని నేను గూడ పోతాన. కారుల కూసుంట. ఏదైతె ఇద్దరికి ఒక్కసారే ఐతది. నీకు చెప్పిపోదామని వచ్చిన."

చెప్పి పోయింది. వెంకట్రాజంకు బాయి నీళ్లల్ల తన జుట్టు వట్టుకున్న చెయ్యి యాదికొచ్చింది. లైట్లు పోయే తప్పు షెడ్డుల దొర్కదు. పోయే తావుల, పోయే యాళ్లకు, కారుల కూసొని చూస్తెనే దొరుకుతది. అది ఆయనకు మొదటి దినం నుంచీ తెలుసు. తెలిసి కూడ, నీళ్లకు భయపడి, ఇన్నొద్దులు వైర్లు మార్చుకుంట కూసున్నడు.

మంగళారం ముసురు వట్టింది. వెంకట్రాజం టార్చిలైటు, చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్టులైటు జేబుల పెట్టుకొని ముంగటి సీటుల, ఎడమ దిక్కు ఎక్కి కూసున్నడు. ఎనుక సీటుల రాజక్క, ఒడిల గంప, గంపల కోడి.

"నువ్వెందుకురా?" అన్నది రాజక్క. గొంతు కరుకుగున్నది గాని కండ్లు కరుకుగ లేవు.

"లైట్లు చూడాలె" అన్నడు. పండ్లు టకటక కొట్టుకుంటాన్నయి. చలికి అనుకున్నది ఆమె, లేకుంటె అనుకున్నట్టు ఊకున్నది.

మార్కెటు సవారీలు ధర్మసాగర్లనే దిగిండ్రు. వానకు లోపలి ఊరికి పోయేటోళ్లు ఎవలు లేరు. పొద్దు గూకింది. ఎల్లస్వామి లైట్లు ఏసిండు. రెండు ఎలుగుతాన్నయి. వెంకట్రాజం మీటరు మీది చిన్న లైటు చూసిండు, అది కూడ ఎలుగుతాంది. డైనమో ముల్లు సక్కగున్నది. ఇంజను చప్పుడు సక్కగున్నది. అన్నీ సక్కగనే ఉన్నయి, ఆయన గుండె తప్ప.

కారు కట్ట ఎక్కింది.

ఎడమ దిక్కు నీళ్లు. తన తలుపు కిందనే. వానకు చెర్వు నిండి కట్ట అంచులు నాకుతాంది. వెంకట్రాజం అటు చూడొద్దనుకున్నడు, చూసిండు. చూసినంక మల్ల కన్ను తిరగలేదు. నల్లటి నీళ్లు, వాటి మీద చినుకులు. ఈ తలుపు ఊడితె? ఈ చక్రం జారితె? ఎల్లస్వామి నోట్ల ఏదో గొణుక్కుంట కాళ్లు కదిపిండు, చెప్పులు ఇడిసి ఎడమకాలుతోని పక్కకు నూకిండు, రెండు చేతులు స్టీరింగు మీద ఒకదాని మీద ఒకటి పెట్టి తల వంచిండు. వెంకట్రాజం అది చూడలేదు. తను కూడ కాళ్ల చెప్పులు ఇడుసుకుంటాండు, వేళ్లు వణికి సరిగ ఊడుతలేవు.

"అదుగో, గుడి" అన్నది రాజక్క ఎనుక నుంచి. దూరంగ వెలుతురుల పసుపు రాయి కనవడ్డది.

కారు ఒక గుంతల దిగి లేచింది. లైట్లు పోయినయి.

ఆ చీకటి ఎట్లుంటదంటె చెప్పరాదు. రోడ్డు లేదు, నీళ్లు లేవు, గుడి లేదు, తన చెయ్యి తనకు లేదు. కారు మాత్రం పోతాంది. ఎల్లస్వామి బ్రేకు తొక్కిండు. ఉత్త కాలు, అడుగు రేకులకెళ్లి వచ్చిన నీళ్లకు తడిసిన కాలు. నున్నటి ఇనుము మీద పడి జర్రున పక్కకు జారింది. కారు ఆగలేదు. ఎడమ దిక్కు ఒరిగింది. చక్రం కింద రాళ్లు కదిలి నీళ్లల్ల వడ్డ చప్పుడు ఇనవడ్డది.

"తమ్మీ!" అని ఒర్లింది రాజక్క.

దేవుణ్ని పిలవలేదు, పెనిమిటిని పిలవలేదు. తమ్మీ అన్నది.

వెంకట్రాజం ఏమన్న ధైర్యం జేసిండా అంటె, లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. భయానికి ముడుచుకొని సీటు మీదికెళ్లి కిందికి జారిండు. తలకాయ డ్యాషుబోర్డు కింద పెట్టుకొని, చిన్నపోరడు లెక్క, నేల మీద వడ్డడు. అట్ల పడ్డోడు కండ్లు తెరిచి చూస్తె పైన మీటరు లైటు. ఎలుగుతాంది. పచ్చగ, నిమ్మళంగ ఎలుగుతనే ఉన్నది.

మనిషి ఎంత బుగుల్ల ఉన్నా చేతి పని చేతికి యాదుంటది. మీటరు లైటు ఎలుగుతాందంటె స్విచ్చి దాక కరెంటు వచ్చింది. స్విచ్చికి అవతల, లైట్లకు ఇవతల ఉండేది ఒక్కటే. డిప్పరు. ఆయన మొఖం దాని పక్కనే ఉన్నది. టార్చి వత్తిండు.

డిప్పరు బొడిపె మీద చెప్పు ఉన్నది. రాజక్క పోయిన నెల హసన్‌పర్తిల కుట్టిచ్చిన చెప్పు, బావకు మడమలు పగిలినయని మందం తోలుతోని కుట్టిచ్చింది. గుంతల కారు ఎగిరినప్పుడు అది జారి, దాని మడమ బొడిపె మీదికెక్కి, దాన్ని సగం దాక వత్తి కూసున్నది. పూర్తిగ తొక్కి ఇడిస్తె పై లైటో కింది లైటో, ఏదో ఒకటి ఎలుగుతది. సగంల ఆగితె రెండు లేవు. చీకటి.

చెప్పును గుంజిండు. టక్కు.

వెలుతురు వచ్చింది. ఎల్లస్వామి చూసిండు. ముంగట రోడ్డు లేదు. రెండు లైట్లు నీళ్ల మీద పడ్డయి, చినుకులు ఒక్కొక్కటి కనవడుతాన్నయి. స్టీరింగు ఎంత తిరుగుతె అంత కుడికి తిప్పి, రెండు కాళ్లు బ్రేకు మీద పెట్టి నిలవడ్డంత పని జేసిండు. కారు గట్టిగ ఊగి ఆగింది. ఎడమ ముంగటి చక్రం గడ్డిల దిగి, సగం గాలిల ఉన్నది.

కోడి ఒక్కటే గంపల కొట్టుకుంటాంది. ఆనక ఎల్లస్వామి తలుపు తీసి మెల్లెగ దిగిండు. అదే తలుపుకెళ్లి వెంకట్రాజం పాక్కుంట వచ్చిండు, ఆనక చెయ్యివట్టి రాజక్కను దించిండ్రు. దిగినంక వెంకట్రాజం నీళ్లకు దూరంగ జరిగి రోడ్డు మీద కూసున్నడు. చేతిల ఆ చెప్పు అట్లనే ఉన్నది.

"ఏందిరా అది?" అన్నడు ఎల్లస్వామి.

చెప్పిండు. మాట మాటకు ఊపిరి అందకుంట చెప్పిండు. చెప్పు బొడిపె మీద పడ్డది బావా. పడ్డప్పుడల్ల లైట్లు పోతాన్నయి. ఆపి దిగేటప్పుడు నీ కాలు తాకి చెప్పు జారుతాంది, లైట్లు వస్తాన్నయి. నువ్వేమో మొక్కితె వచ్చినయి అనుకున్నవ్. షెడ్డుల నువ్వు చెప్పులు ఇడువవు, అందుకే షెడ్డుల పోలేదు.

ఎల్లస్వామి చెప్పును చూసిండు. "అమ్మ కోసం ఇడిసిన చెప్పురా అది" అన్నడు.

"నేను కుట్టిచ్చిన చెప్పు" అన్నది రాజక్క. అని రోడ్డు మీద కూసొని మొఖాన కొంగు కప్పుకొని ఎక్కెక్కి ఏడ్చింది. అప్పటి దాక ఆమె కంట్ల చుక్క రాలేదు.

వెంకట్రాజం లేచి నిలవడ్డడు. "బావా, ఇగ కట్ట మీద చెప్పులిడువకు. లైటు సంగతి ఒక్కటే గాదు. ఉత్తకాలు ఆ బ్రేకు మీద నిలవది. రబ్బరు ఏస్త, రేపే ఏస్త. కానీ తడికాలు తడికాలే. చెప్పు తొడుక్కునే నడుపు."

"నరుకురా నన్ను, నరికి ఈ చెర్వుల పారెయ్యి" అన్నడు ఎల్లస్వామి. "తోలు తొడుక్కొని అమ్మ ముంగట్నించి పోను. ఇయ్యాల మనల్ని కాపాడిన తల్లిరా ఆమె. నాతోని గాదు."

"నా మీద ఒట్టు బావా!"

"గాదు."

ఆ మనిషి మొండితనం రాజక్కకు తెలుసు, వెంకట్రాజంకు తెలుసు. గా భయం మీద మాట పనిజెయ్యదు. ఇయ్యాల చెప్పులిడువనని ఒప్పుకున్నా, రేపు ఒక్కడే పోతున్నప్పుడు కట్ట ఎక్కంగనే ఆ కాలు అదే పని జేస్తది.

అప్పుడు వెంకట్రాజం నడిచిండు. కారు లైట్ల వెలుతురుల, ఒక దిక్కు చెర్వు ఉండంగ, గుడి దాక ఒక్కడే నడిచిండు. నీళ్లు భయం, చీకటి భయం, అన్నిట్ల కంటె ఎక్కువ భయం ఆ పసుపు రాయి. దాని ముంగట నిలవడి చేతులు జోడిచ్చిండు. ఎనుకనున్న ఇద్దరికి ఇనవడేటంత పెద్దగ మొక్కిండు.

"అమ్మా, మైసమ్మా! ఇగ మా బావ నీ ముంగట్నించి చెప్పులతోనే పోతడు. నేనే పొమ్మన్న. ఆయన ఇడిసె చెప్పులు ఆయన బదులు నేనిడుస్త. ఈ కట్ట మీద ఒక్కటే గాదు, ఏడ గాని నా కాళ్లకు చెప్పుండది. నీకు కోపమొస్తె నా తానికి రా. ఆయన తానికి పోకు. నాకు నువ్వంటె చాన బుగులు తల్లీ, అయినా నా తానికే రా."

తిరిగి వచ్చి, కారుల ఉన్న తన చెప్పులు తీసి పొలాల దిక్కు ఇసిరేసిండు. ఆనక ఎల్లస్వామి కాళ్ల కాడ కూసొని, ఆయన చెప్పులు బురద తుడిచి, ఒక్కొక్క కాలు ఎత్తి తొడిగిండు. ఎల్లస్వామి వద్దనలేదు. తల అటు దిక్కు తిప్పుకొని, భుజాలు కదిలేటట్టు ఏడ్చిండు. నిండిన చెర్వు నీళ్లు పొర్లిపోయే మత్తడి దిక్కుకెళ్లి ఎడ్లబండ్ల మీద వస్తున్న రైతులు మోకు కట్టి కారును గుంజిండ్రు. కోడిని రాజక్క గుడి కాడ ఇడిసిపెట్టింది. కొయ్యబుద్ధి కాలేదన్నది.

గదీ సంగతి. ఎల్లస్వామి ఆనక కూడ ఏండ్లకు ఏండ్లు ఆ కట్ట మీద నడిపిండు, చెప్పులు తొడుక్కునే. గుడి రాంగనే "రాజం ఇడిసిండమ్మా" అని అనుకునేటోడట. లైట్లు మల్ల పోలేదు. ఎనభైలల్ల కిషన్ రావు సారు కారు మార్చిండు, డ్రైవరును మార్చలేదు.

వెంకట్రాజం మాట తప్పలేదు. కరెంటు పని జేసెటోనికి ఉత్తకాళ్లంటె మాటలా? ఒకొకనాడు ప్లగ్గు వైరు కొడితె ఎగిరి అవతల వడేటోడు. తడి నేల మీదైతె ఇంకింత గట్టిగ కొట్టేది. ముందే భయస్తుడు, అండ్ల ఇది. అయినా లైట్ల కంప్లెయింటుతోని వచ్చినోళ్లకు ఇంకో కొత్త పరీక్ష మొదలువెట్టిండు. ముందు వైరు ముట్టుకోడు. డ్రైవరును సీటు మీద కూసోవెట్టి, "నువ్వు ఏడ మొక్కుతవ్, మొక్కేటప్పుడు ఏ కాలు ఏడ పెడతవ్, చూపెట్టు" అంటడు. కొత్తోళ్లు నవ్వుతరు. ఈయన నవ్వడు.

ఒకసారి అరికాలుల గాజుపెంకు దిగి చీమువట్టింది. దవాఖానకు రమ్మంటె రాడు, సూదంటె బుగులు. రాజక్క షెడ్డుకు వచ్చి, స్టూలు మీద కూసోవెట్టి, కాలు ఒడిలకు తీసుకొని ముల్లుతోని తీసింది. తీసుకుంట తీసుకుంట ఏడ్చింది.

"ఇన్నేండ్లాయె తమ్మీ. అమ్మ కోపం ఎన్నడో చల్లారింటది. ఇగ ఏస్కోరా. నేను కుట్టిస్త."

"ఏస్కుంట" అన్నడు వెంకట్రాజం. "ఏస్కున్న పొద్దు బావ జర ఆలస్యమైతె? అప్పుడు నేనేం గావాలె అక్కా?"

రాజక్క కాలుకు గుడ్డ కట్టింది. బయట పొద్దుగూకుతాంది. వెంకట్రాజం కుంటుకుంట రోడ్డు మీదికి పోయి, కాజీపేట దిక్కు మొఖం వెట్టి నిలవడ్డడు. బావ కారు కట్ట దాటి తిరిగొచ్చే దాక రోజూ నిలవడతడట్ల. ఆటోలు పోయినయి, బస్సు పోయింది, రాత్రయింది. ఆనక దూరంల ఎల్లస్వామి హారను ఇనవడ్డది. రెండు లైట్లు కనవడ్డయి. ఒకటి, రెండు అని ఏలు పెట్టి చూసుకున్నడు, అప్పుడు లోపలికి వచ్చి షెడ్డు తలుపేసిండు.